మొదటి గాటు

రోబో కట్టడం ఒక ఎత్తు, దానికి పేరు పెట్టడం ఒక ఎత్తు. నమ్మకం లేకపోతే పోటీలకు రోబోలు కట్టే కాలేజీ పిల్లల్ని ఎవరినైనా అడిగి చూడండి. ఏ మోటారు వాడాలో, ఏ చక్రం వేయాలో టీ తాగేలోపు తేల్చేస్తారు. పేరు దగ్గరికొచ్చేసరికి జుట్లు పట్టుకుంటారు. ఒకడు పిడుగంటాడు, ఇంకొకతె సుడిగాలంటుంది. గుమ్మం ఎక్కలేక వెనక్కి దొర్లే డబ్బాకి తుఫాను అని పేరు పెట్టి, ఆ పేరుని చొక్కాల మీద కూడా అచ్చేయించుకున్న మహానుభావులున్నారు.

ఈ కథలో జట్టు ఆ గొడవ పడలేక ఎప్పుడో ఒక పద్ధతి పెట్టుకుంది. పెట్టినవాళ్ళు చదువు ముగించుకుని ఎవరి దారిన వాళ్ళు పోయారు, పద్ధతి మాత్రం ఆ గదిని వదల్లేదు. కొత్త రోబో మొదటిసారి ఎవరికి గాటు పెడితే, పేరు వాళ్ళు పెట్టాలి. అంతే. రేకు కోసిన అంచులు గరుగ్గా ఉంటాయి, ఎవరి వేలో తెగుతుంది, బొట్టు రక్తం వస్తుంది, గదంతా ఈలలు. తెగినవాళ్ళు ఏ పేరంటే ఆ పేరు, మిగతావాళ్ళు కిక్కురుమనకూడదు. అలా ‘నసుగుడు’, ‘ఏడుపుగొట్టు’ లాంటివి పుట్టాయి. ఒక ఏడాది ఒకడు ‘మా అత్త’ అని పెట్టాడు. పోటీలో మైకువాడు గొంతు సవరించుకుని “ఇప్పుడు బరిలోకి మా అత్త దిగుతోంది” అన్నాడు. హాలు హాలంతా పొట్ట పట్టుకుని నవ్వింది, పాపం రోబో మొదటి నిమిషంలోనే బోర్లా పడింది.

పద్ధతికి ఒకే ఒక్క షరతు. కావాలని కోసుకుంటే చెల్లదు. గాటు దానంతట అది పడాలి.

జట్టుని చూసుకునే సార్‌కి ఈ సంగతి తెలుసా అంటే తెలుసు, తెలియదా అంటే తెలియదు. తెలిస్తే ఆపాల్సి వస్తుంది కాబట్టి ఆయన తెలుసుకోకుండా జాగ్రత్తపడ్డాడు. ఇలాంటి జాగ్రత్తపరులు లేకపోతే లోకంలో సగం ప్రమాదాలు జరగవు.

వాళ్ళ గది ల్యాబు కింద నేలమాళిగలో ఉండేది. పక్క గదిలో జనరేటరు. కిటికీ రోడ్డు మట్టానికి ఉండటంతో అందులోంచి మనుషుల కాళ్ళు తప్ప మొహాలు కనపడవు. మధ్యలో పెద్ద బల్ల, బల్ల అంచుకి రేకుని బిగించి పట్టే ఇనప వైసు, గోడకి వరసగా తగిలించిన ఆకురాళ్ళు, రంపాలు. ఆ గదికి ఆ ఏడు పెద్ద దిక్కు ఒక ఆఖరి సంవత్సరం అమ్మాయి. అందరూ ఆమెని మేస్త్రి అనేవారు. బోల్టు ఒక్క మర వదులుగా ఉన్నా పసిగట్టేది, పసిగట్టాక బిగించినవాడిని వదిలేది కాదు. తిట్టేటప్పుడు గొంతు పెంచదు, అదే అసలు బాధ. చేతితొడుగులు లేకుండా రేకు ముట్టుకోదు కాబట్టి, చేరిన నాటినుంచి ఇప్పటివరకూ ఒక్క గాటూ పడలేదు. అంటే ఒక్క పేరూ పెట్టలేదు.

ఆ ఏడు ఆమె చెల్లెలు కూడా కాలేజీలో చేరింది, చేరిన వారంలోనే జట్టులోకి దూరింది. ఒకచోట నిలవదు, నోరు మూయదు, అందుకని పిచ్చుక అన్నారు. అక్క వాడి పారేసిన తొడుగులు ఏరి మరీ వేసుకునేది. అక్క ఎలా నిలబడితే అలా నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడేది. వేళ్ళు మాత్రం అక్క కన్నా చురుకు. రిమోటు పట్టుకుంటే రోబో ఆమె మనసులో మాట విన్నట్టు కదిలేది. రోబోని నడిపే కుర్రాడిని పైలటు అనేవారు. వాడు కూడా “వచ్చే ఏడు నా కుర్చీ దీనిదే, నేను ఇప్పుడే లేచి దండం పెట్టేస్తా” అనేవాడు.

ఆ ఏటి చిక్కంతా మేస్త్రి మంచితనం వల్ల వచ్చింది. కిందటేడు పోటీలో తనిఖీకి వచ్చిన పెద్దమనిషి వీళ్ళ రోబో అంచుకి వేలు కోసుకుని, కట్టు కట్టించుకుని, మార్కులు కోసేశాడు. ఆ అవమానం మేస్త్రి మరిచిపోలేదు. ఈసారి ప్రతి అంచునీ ఆకురాయితో అరగదీయించింది, గరుకు కాగితంతో రుద్దించింది, మూలల మీద రబ్బరు అతికించింది. రోబో పసిపాప బుగ్గలా తయారైంది. ఎవరికీ గాటు పడలేదు. నెలలు గడిచాయి, బరువులెత్తే లిఫ్టు బిగించారు, వైర్లు చుట్టారు, పోటీ దగ్గరికొచ్చేసింది, దానికి మాత్రం పేరు లేదు. “అది” అనేవాళ్ళు, “ఇది” అనేవాళ్ళు. వైర్లు చూసే కుర్రాడు ఒకడున్నాడు, నోరు తెరిస్తే మూయడు కాబట్టి వాడికి సోది అని పేరు. వాడైతే రోజూ వచ్చి మోచేతులు దానికేసి రాసి, “తల్లీ, కరుణించు” అని బతిమాలేవాడు. పోటీవాళ్ళు ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నారు. పేరేమిటి, పేరేమిటి అని.

అక్కచెల్లెళ్ళ ఇంట్లో ఉండేది ముగ్గురు. తల్లి సిటీ బస్సు నడుపుతుంది. ఒక రాత్రి భోజనాలయ్యాక ఆవిడ పక్కగదిలో యూనిఫారం ఇస్త్రీ చేసుకుంటోంది, అక్కచెల్లెళ్ళు గిన్నెలు కడుగుతున్నారు. మేస్త్రి చికాకులో ఉంది.

“పేరు పేరు అని నా ప్రాణం తోడేస్తున్నారే. ఎవరో ఒకరు దాంట్లో వేలు పెట్టేస్తే పీడా పోయేది.”

“కావాలని పెడితే చెల్లదు కదక్కా?” అంది చెల్లెలు.

“కావాలని పెట్టానని ఎవరు చెప్పుకుంటారే, పిచ్చిమొహమా?”

విసుగులో అన్న మాట. ఇలాంటివి ప్రతి ఇంట్లో రోజుకి వంద అంటాం, గిన్నెల నీళ్ళతో పాటు పోతాయి. ఇది పోలేదు.

మర్నాడు మధ్యాహ్నం లిఫ్టుని మొదటిసారి పూర్తి బరువుతో పరీక్షించారు. లిఫ్టు పక్కన చైను, చైను కింద పళ్ళచక్రం. పాత మోటారు చాలట్లేదని తీసేసి, బాగా బలమైనది కొత్తగా వేశారు. పళ్ళచక్రం మీద ఇంకా రేకు మూత బిగించలేదు. ఆ గదిలో స్విచ్చు వేసే ముందు ఒక కేక ఉంటుంది. పైలటు “చేతులు!” అని అరుస్తాడు, చుట్టూ ఉన్నవాళ్ళంతా రెండు చేతులూ పైకెత్తి “పైన!” అనాలి. మేస్త్రి అందరి చేతులూ ఒకసారి చూసి తలూపాలి. ఆమె తలూపితేనే స్విచ్చు.

“చేతులు!”

“పైన!”

మేస్త్రి చూసింది. సోదివి రెండు. పక్కన నిలబడ్డ ఇంకో అమ్మాయివి రెండు. రోబోకి అవతలి పక్క, లిఫ్టు చాటున, చెల్లెలిది ఒకటి. ఎడమ చెయ్యి మాత్రమే పైకి లేచింది. మేస్త్రి ఆ ఒక్క చేతినీ చూసింది. ఆగు అనడానికి ఆమెకు కావాల్సినంత సమయం ఉంది. అనలేదు. ఎందుకనలేదో తనకి బాగా తెలుసు. చిన్న గీత పడుతుంది, చుక్క రక్తం వస్తుంది, అందరూ ఈలలేస్తారు, ఈ పేరు గొడవ ఇవాళ్టితో వదిలిపోతుంది. ఆమె తలూపింది.

కొత్త మోటారుకి వీళ్ళ పద్ధతి తెలియదు. అది గీత పెట్టలేదు, లాక్కుంది. చెల్లెలు అరవలేదు కూడా, “అక్కా” అంది, అంతే. ఆ తర్వాత చైను ఇరుక్కుని మోటారు మూలిగింది. మెయిన్ స్విచ్చు కొట్టింది మేస్త్రే. చక్రాన్ని చేత్తో వెనక్కి తిప్పి చెల్లెలి చెయ్యి బయటికి తీసింది కూడా మేస్త్రే. చూపుడు వేలూ మధ్య వేలూ ఇక వేళ్ళు కావని ఆమెకి అప్పుడే తెలిసిపోయింది. సోది మొదటిసారిగా నోట మాట లేకుండా గోడకి చేరగిలబడి కూర్చున్నాడు.

తల్లికి కబురందేసరికి బస్సు సగం దారిలో ఉంది. డిపో నుంచి ఇంకో డ్రైవరు వచ్చి స్టీరింగు అందుకునేదాకా ఆవిడ ప్రయాణికులని దించుతూ ఎక్కిస్తూ నడుపుతూనే ఉందట. యూనిఫారం మీదే ఆసుపత్రికి వచ్చింది. అప్పటికి ఆపరేషను అయిపోయింది. రెండు వేళ్ళూ రెండో కణుపు దాకా తీసేశారు. కట్టు కట్టిన చెయ్యి దిండు మీద ఎత్తుగా పెట్టి ఉంది, పిల్ల కళ్ళు మూసుకుని పడుకుని ఉంది. తల్లి ఆ చేతిని చూసింది, ముట్టుకోబోయి మానేసింది. ఏడుపు రావాల్సిన చోట ఆవిడకి కోపం వచ్చింది. కొందరికి అలాగే వస్తుంది.

“చేతులు ఎత్తమంటే ఎత్తడానికేం రోగమే నీకు? అంతమంది ఎత్తారు, నీకేమైంది?”

సార్ మెల్లిగా ముందుకొచ్చాడు. ఆయన దారిలోనే మాటలన్నీ వరస పెట్టుకుని వచ్చినట్టున్నాడు. “అన్నీ నియమాల ప్రకారమే జరిగాయమ్మా. కేక వేశారు, చేతులెత్తమన్నారు. పిల్ల కాస్త పరాకుగా ఉంది. కాలేజీ తరఫున లోపమేమీ లేదు.”

తల్లి పెద్ద కూతురి వైపు తిరిగింది. “నువ్వు అక్కడే ఉన్నావు కదే. చూడటం నీ పనే కదా. చూడలేదా?”

చెల్లెలు కళ్ళు తెరిచింది. అక్క వైపు చూసింది. మేస్త్రి సెలైను సీసాలో చుక్కలు పడటం చూస్తూ నిలబడింది.

“అందరి చేతులూ పైనే ఉన్నాయనుకున్నానమ్మా,” అంది.

సార్ గట్టిగా ఊపిరి వదిలాడు. తల్లి మందుల చీటీ తీసుకుని కిందికి వెళ్ళింది. సార్ కూడా ఆవిడ వెనకే జారుకున్నాడు. అక్కచెల్లెళ్ళిద్దరే మిగిలారు. మేస్త్రికి ఇప్పుడు తిడుతుందనిపించింది. తిడితే బాగుండుననిపించింది.

“అక్కా, మొదటి గాటు నాదే కదా?” అంది చెల్లెలు. మత్తు ఇంకా పూర్తిగా వదల్లేదు, నాలుక మొద్దుగా తిరుగుతోంది.

“నీదేనే.”

“కావాలని పెట్టానని ఎవరికీ చెప్పకు. చెల్లదంటారు. జారిందని చెబుతా.”

“చెప్పను.”

“అయితే పేరు నేనే పెట్టాలి.”

“పెట్టు. ఏం పెడతావు?”

చెల్లెలు నవ్వింది. ఆ స్థితిలో ఆ పిల్లకి నవ్వెలా వచ్చిందో, మేస్త్రి తర్వాత ఎన్నోసార్లు ఆలోచించుకుంది.

“మేస్త్రి,” అంది చెల్లెలు. “అన్నీ కట్టింది నువ్వే. ఒక్క గాటూ నీకు పడదు. ఈ ఏడు వెళ్ళిపోతావు. నీ పేరు ఆ గదిలో ఎక్కడా ఉండదు. అందుకే. మొన్నటి నుంచీ అనుకుంటున్నా.”

మేస్త్రి చెల్లెలి నుదుటి మీద చెయ్యి వేసి, సరేనంది. బయటికొచ్చి ఆడవాళ్ళ బాత్రూములో కుళాయి తిప్పి, చప్పుడు వినపడకుండా ఏడ్చింది. ప్రేమ అనేది ఒక్కోసారి చెంపదెబ్బ కన్నా గట్టిగా తగులుతుంది. తిట్టి ఉంటే ఆమె తట్టుకునేది. ఆ వేళ్ళు తన పేరు కోసం పోయాయంటే ఎలా తట్టుకోవాలో ఆమెకి తెలియలేదు.

మర్నాడు గదిలో అందరూ శవం లేచిన ఇంట్లోలా కూర్చున్నారు. రోబో బల్ల మీదే ఉంది. చైను ఎవరో కడిగారు. పనిచేయాలా మానేయాలా అని ఎవరూ అడగలేదు, కాసేపటికి ఒక్కొక్కళ్ళే లేచి పని మొదలుపెట్టారు. పైలటు ముందుగా పళ్ళచక్రం మీద రేకు మూత బిగించాడు. నిన్న బిగించి ఉంటే అన్న మాట అందరి గొంతులోనూ ఉంది, ఎవరి నోటా రాలేదు.

సార్ ఫోను పట్టుకుని లోపలికొచ్చాడు. “పోటీవాళ్ళు లైన్లో ఉన్నారు. ఇవాళ పేరు చెప్పకపోతే తీసేస్తారట. ఏదో ఒకటి చెప్పండి.”

సోది తల ఎత్తాడు. “పేరు పిచ్చుకదే సార్. మొదటి గాటు...”

“మొదటి ఏమిటి?” అన్నాడు సార్, చాలా మెత్తగా.

సోది నీళ్ళు నమిలాడు. “ఏం లేదు సార్. అంటే, పాపం, ఆ పిల్లని అడిగితే బాగుంటుందని.”

అందరూ మేస్త్రి వైపు తిరిగారు. “ఏమైనా చెప్పిందా?” అని పైలటు అడిగాడు.

మేస్త్రి బల్ల మీద ఉన్న రోబోని చూసింది. దాని నుదుటి మీద పెద్ద అక్షరాలతో తన పేరు రాసి ఉన్నట్టు ఊహించుకుంది. హాల్లో మైకువాడు ఆ పేరు పిలవడం, జనం ఆ పేరుతో కేకలు వేయడం, ఆ కేకల మధ్య ఆ లిఫ్టు పైకి లేవడం. ఆమె రోబో మీద నుంచి చూపు తిప్పేసుకుంది.

“ఇంకా మత్తులో ఉంది,” అంది. “ఏం చెప్పలేదు.”

“అయితే విజేత అని పెట్టేద్దాం. శుభంగా ఉంటుంది,” అన్నాడు సార్, ఫోను ఆమె చేతికిస్తూ. “నువ్వే చెప్పు, జట్టుకి పెద్దవి నువ్వే కదా.”

“విజేత,” అని మేస్త్రి ఫోన్లో చెప్పింది. అవతలివాళ్ళు సరిగ్గా వినపడలేదంటే మళ్ళీ చెప్పింది.

అబద్ధం ఒక్కటిగా ఉండదు. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన రోజు నుంచి చెల్లెలికి ఆ పేరే ధ్యాస. పెట్టారా అంటే పెట్టామంది అక్క. రాశారా అంటే రాశామంది. ఏ రంగుతో అంటే నీలం అంది. అక్షరాలు గుండ్రంగా రాశారా, ఏటవాలుగానా అంటే, ఏటవాలుగా, సోది రాశాడు, చివర కొంచెం వంకర పోయిందంది. చెల్లెలు కడుపారా నవ్వింది. “వాడికి గీత ఏనాడు తిన్నగా వచ్చింది గనక!” అంది. ఎడమ చేత్తో అన్నం తినడం నేర్చుకుంటోంది అప్పుడు. చొక్కా గుండీలు తల్లి పెడుతోంది. రిమోటు సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తడం లేదు. దాని మీద చూపుడు వేళ్ళతో నొక్కే మీటలుంటాయి, కుడివైపొకటి, ఎడమవైపొకటి.

పోటీకి తాను వస్తానని చెల్లెలు పట్టుబట్టింది. మేస్త్రి వద్దంది. జనంలో చేతికి తగులుతుందంది, దుమ్ముంటుందంది, కట్టు మార్చే రోజంది. చివరికి తల్లికి ఒళ్ళు మండింది.

“దాన్నెందుకే ఆపుతావు? పరాకుగా ఉందో పాపమే చేసిందో, వేళ్ళు పోగొట్టుకుంది దాని కోసం. కళ్ళతో చూసుకునే రాత కూడా లేదా? నేను సెలవు పెట్టి తీసుకొస్తాను. నువ్వు నీ పని చూసుకో.”

పోటీ ఒక పెద్ద ఆటల హాల్లో జరిగింది. మధ్యలో చెక్కలతో కట్టిన బరి, చుట్టూ మెట్లు మెట్లుగా జనం. ఒక్కో రోబో వస్తుంటే మైకువాడు పేరు పిలిచి, జట్టు పెద్దని పిలిచి, ఆ పేరెందుకు పెట్టారో అడుగుతున్నాడు. అక్కడ అదొక రివాజు. ఒకడు వాళ్ళ కుక్క పేరు పెట్టానన్నాడు. ఒక అమ్మాయి లెక్కల పరీక్ష మూడుసార్లు తప్పానని ‘నాలుగోసారి’ అని పెట్టానంటే జనం విరగబడి నవ్వారు. మూడో మెట్టు మీద, తల్లి పక్కన, కట్టు చెయ్యి ఒళ్ళో పెట్టుకుని చెల్లెలు కూడా నవ్వుతోంది. పేరు పిలిచినప్పుడల్లా ముందుకి వంగుతోంది, తమది కాదనుకుని మళ్ళీ వెనక్కి ఆనుకుంటోంది. మేస్త్రికి అదంతా కింద నుంచి కనపడుతూనే ఉంది.

“తర్వాత, విజేత!”

చెల్లెలు ముందుకి వంగి, వెనక్కి ఆనుకుంది. ఎవరిదో చూద్దామని అవతలి ద్వారం వైపు చూసింది. ఇవతలి ద్వారంలోంచి తమ రోబో దొర్లుకుంటూ వచ్చింది. వెనకే పైలటు, సోది, సార్, అక్క. రోబో నుదుటి మీద ఎర్ర అక్షరాలు, అచ్చేసిన స్టిక్కరు, ఎక్కడా వంకర లేదు. మైకువాడు మేస్త్రి నోటి ముందు మైకు పెట్టాడు.

“చాలా గట్టి పేరు! దీని వెనక కథేమిటి?”

అక్కడ నిజం చెప్పి ఉండవచ్చు. ఆమె చెప్పాలనే అనుకుంది, నోరు కూడా తెరిచింది. “మా చెల్లి,” అంది. పక్కన సార్ చెప్పులు కదిలిన చప్పుడైంది. సోది నేల చూపులు చూస్తున్నాడు. “మా చెల్లికి ఈ రోబో కడుతున్నప్పుడు ప్రమాదం జరిగింది. రెండు వేళ్ళు పోయాయి. అయినా అది అధైర్యపడలేదు. అదిగో, అక్కడ కూర్చుని ఉంది. అది గెలుస్తుందని, దానికి గుర్తుగా ఈ పేరు పెట్టాం.”

మాట ఎక్కడ మొదలై ఎటు తిరిగిందో ఆమెకే తెలియలేదు. హాలు మారుమోగిపోయింది. తలలన్నీ అటు తిరిగాయి. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. సార్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తల్లి, ఇన్నాళ్ళూ ఒక్క చుక్క కార్చని మనిషి, అందరి ముందూ వెక్కి వెక్కి ఏడుస్తూ చిన్న కూతురి తలని గుండెకి అదుముకుంది. ఆ చేతుల సందులోంచి చెల్లెలు అక్కనే చూస్తోంది. ఆ చూపులో కోపం లేదు. లెక్క తప్పిన చోటు వెతుక్కుంటున్న మనిషి చూపులా ఉంది.

రోబో గెలిచింది. ఎవరికి కావాలి ఆ గెలుపు అని మీరు అడిగితే, సార్‌కి కావాలి.

ఇంటికి బస్సులో వెళ్ళారు. తల్లి ముందు సీట్లో కూర్చుంది. తాను నడపని బస్సులో ఆవిడకి కుదురుండదు, మలుపు వచ్చినప్పుడల్లా లేని బ్రేకుని కాలితో తొక్కుతుంటుంది. వెనక సీట్లో అక్కచెల్లెళ్ళు. చెల్లెలు కిటికీ పక్క. బయటికి చూస్తూ కూర్చుంది.

“నీకా పేరు నచ్చకపోతే చెప్పాల్సిందక్కా,” అంది చివరికి. “ఇంకోటి పెట్టేదాన్ని కదా.”

మేస్త్రి ముందు సీట్లో తల్లి వైపోసారి చూసింది. “నచ్చక కాదే.”

“మరి?”

“ఆ రోజు నీది ఒక్క చెయ్యే లేచింది. నేను చూశాను. చూసే తలూపాను.”

బస్సు ఒక స్టాపులో ఆగింది, ఎవరో దిగారు, ఎవరో ఎక్కారు. చెల్లెలు కట్టు అంచున ఊడిన దారం ఒకటి ఎడమ చేత్తో లాగుతోంది.

“చూశావా?” అంది.

“చూశాను. చిన్న గీత పడుతుందనుకున్నాను.”

“నేనూ అదే అనుకున్నాను,” అంది చెల్లెలు.

“అమ్మకి చెప్పేస్తాను. ఇవాళే చెప్పేస్తాను. సార్‌కీ, ప్రిన్సిపాల్‌కీ అందరికీ చెబుతాను. నీ తప్పేం లేదని చెబుతాను.” మేస్త్రి దగ్గరికి జరిగింది. “ఇన్నాళ్ళూ నాకు నిద్ర లేదే.”

చెల్లెలు ఆమె వైపు తిరిగింది. పిచ్చుక అని అందరూ పిలిచే ఆ మొహం ఆ సాయంత్రం వెలుగులో పెద్దదాని మొహంలా కనపడింది.

“ఆసుపత్రిలో అమ్మ నన్ను తిట్టినప్పుడు చెబుతావనుకున్నాను. మైకు ముందు చెబుతావనుకున్నాను. ఇప్పుడు చెబితే నీకు నిద్ర పడుతుంది. నాకేం వస్తుంది?” గొంతు పెంచకుండానే అంది, అచ్చం అక్క తిట్టేటప్పటిలాగే. “అంతమంది చప్పట్లు కొడుతుంటే అమ్మ మొహం చూశావా? అది కూడా తీసేసుకుంటావా అమ్మ దగ్గర్నుంచి? వద్దు. ఆ మాట నీ దగ్గరే ఉంచుకో.”

మేస్త్రి చెయ్యి చాచింది. చెల్లెలు కట్టు చేతిని మెల్లిగా ఒళ్ళోకి లాక్కుంది.

ముందు సీట్లోంచి తల్లి వెనక్కి తిరిగింది. “ఏమిటర్రా గుసగుసలు? నొప్పిగా ఉందా చిన్నదానా?”

“లేదమ్మా,” అంది చెల్లెలు. “అక్క వాళ్ళ రోబో గురించి చెబుతోంది.”

తర్వాత లేచి, ఎడమ చేత్తో కమ్మీ పట్టుకుని, నడుస్తున్న బస్సులో జాగ్రత్తగా ముందుకి వెళ్ళి తల్లి పక్కన కూర్చుంది.